ఉరిమినా ఆపని మెయిన్

మంగళవారం, రాత్రి

నిన్న కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రామైన బయాస్ అప్‌డేట్ సగంలో ఉండగా ఉరిమింది. ఉరిమితే కరెంటు మెయిన్ ఆపెయ్యడం అత్తయ్యకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆపేసింది. యూపీఎస్ ఎప్పుడో పాడైంది. మళ్ళీ ఆన్ చేస్తే తెర వెలగలేదు. చీరాల మగ్గాలకి నేను వేసే చీర అంచుల డిజైన్లన్నీ దీని మీదే. ఇది లేవకపోతే నాకు పని లేనట్టే.

ఇవాళ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లో బయాస్ ఫైలు వేసి, కంప్యూటర్ వెనకాల పెట్టి, పాడైన బయాస్‌ని మళ్ళీ ఎక్కించడానికి పక్కనున్న చిన్న బటన్ నొక్కి పట్టుకున్నాను. తెర నల్లగానే ఉంది. బటన్ లైటు మాత్రం మిణుకుమిణుకుమంది.

"చచ్చిందన్నావు కదే, మరి ఆ లైటు ఎవరు వెలిగిస్తున్నారు?" అంది అత్తయ్య.

నాకూ అదే ఆశ్చర్యం. బోర్డుని నిద్ర లేపే ప్రోగ్రామే పాడైతే, ఈ ఫైలు చదువుతున్నది ఎవరు? లోపల ఇంకో చిన్న చిప్ విడిగా మేలుకుని ఉంటుందట. అదీ పోతే...

మళ్ళీ ఉరిమింది. అత్తయ్య గబగబా మెయిన్ దగ్గరికి వెళ్ళింది. బటన్ లైటు ఇంకా మిణుకుమంటూనే ఉంది.

అత్తయ్య చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, స్విచ్ ముందు నిలబడింది.

"నువ్వు కానియ్యి. నా చేతులు నేనే పట్టుకున్నాలే."

తెర వెలిగింది. బయట ఇంకా ఉరుముతూనే ఉంది. ఆవిడ చేతులు వదల్లేదు.