మామ మిఠాయి

మణవాళనగర్,
4-6-1979

ప్రియమైన అన్నకు, నీ పుష్ప నమస్కరించి రాసేది.

మేం బాగున్నామని రాయలేను. నిన్న సాయంకాలం మా కాంచన పెరటి బావి గట్టెక్కి చుట్టూ పరిగెత్తింది. ఏడేండ్ల బిడ్డ! నేను కేకలేసేకొద్దీ నవ్వతా ఇంకా జోరుగా పరిగెత్తింది. పక్కింటి కన్నియమ్మ వెనక నించి రెక్క పట్టి లాగింది గాబట్టి సరిపోయింది.

బడిలో పక్కన కూర్చున్న పిల్ల చేతిని నెత్తురొచ్చేట్టు కొరికింది. "కొన్నాళ్ళు ఇంట్లోనే పెట్టుకోండమ్మా" అనేసింది టీచరు. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోదు. గాలి సోకిందని మా అత్త తాయెత్తు కట్టించింది. నాకు దిక్కు తోచలేదన్నా.

నువ్వు పంపిన మిఠాయి డబ్బా అందింది. "మామ మిఠాయి" అని దాన్ని ఎవరికీ పెట్టకుండా ఒళ్ళోనే పెట్టుకుంటుంది. వదినను అడిగినానని చెప్పు.

నీ చెల్లెలు,
పుష్పవల్లి

తిరుత్తణి,
9-6-1979

ప్రియమైన పుష్పకు, అన్న ఆశీర్వాదాలు.

నీ జాబు చూసి భయపడినాను. అయినా ధైర్యంగా ఉండు. మా వళ్ళి ఆ వయసులో ఇంతకన్నా ఆగడం చేసింది. అంగట్లో కాగే పాకం బాణలినే తోసేసింది. బాగా భయం చెప్పి, అరక్కోణం హాస్టల్లో వేసినాను. ఇప్పుడు పదకొండేండ్లు. "మీ పిల్ల చానా నెమ్మది" అంటారు అక్కడి సిస్టర్లు. సెలవులకు ఇంటికొస్తే మాత్రం నాలుగు దినాల్లో మళ్ళీ మొదటికొస్తుంది. మీ వదిన గారాబం, ఇంకేముంది. నువ్వు గారాబం చెయ్యొద్దు.

కొండ మీది గుడికి జనం బాగా వస్తా ఉన్నారు, అంగడి బాగుంది. మా అంగట్లో పనిచేసే తణికాచలం ఆ పక్కకు వస్తా ఉంటే ఇంకొక డబ్బా ఇచ్చి పంపినాను. బిడ్డకు ఇష్టమని ఎరుపూ ఆరంజీ జాస్తిగా వేసినాను.

నీ అన్న,
చెంగల్వరాయుడు

మణవాళనగర్,
20-7-1979

ప్రియమైన అన్నకు,

ఈ జాబు ఎట్ల రాసేదో తెలవక మూడు కాగితాలు చించినాను. కోపం చేసుకోవద్దు.

కాంచనను మద్రాసులో పిల్లల డాక్టరు తాన చూపించినాం. నాలిక చాపమన్నాడు. ఎర్రగా ఉంది. "ఇదేం రంగు?" అన్నాడు. "మా అన్న అంగడి మిఠాయండీ" అని గొప్పగానే చెప్పినాను. దినానికి ఎన్ని తింటుందని అడిగితే నేను లెక్క చెప్పలేకపోయినాను.

"రంగు కలిపిన తిండి కొందరు పిల్లలకు పడదని బయటి దేశాల్లో కొందరు డాక్టర్లు అంటా ఉన్నారు. ఇంకా తేలలేదు. అందరికీ ఇట్ల అవుతుందనీ నేను చెప్పను. నెల దినాలు రంగున్నది ఏదీ పెట్టకుండా చూడండి" అన్నాడు.

మాన్పించినాను. మొదటి వారం ఒకటే ఏడుపు. పన్నెండో దినం కూర్చున్న చోట కూర్చుని పెరుగన్నం అంతా తిని, నా తొడ మీద తల పెట్టి నిద్రపోయింది. నేను కదల్లేదు. ఈ బిడ్డ నా బిడ్డేనా అనిపించింది.

పోయిన శుక్రవారం మా అత్త జాలిపడి, దాచిన డబ్బా తీసి పిడికెడు ఇచ్చింది. ఆ సాయంకాలమే కాంచన పలక విసిరి నా నుదురు పగలగొట్టింది. రెండు కుట్లు పడినాయి.

అన్నా, నువ్వు మిఠాయిలో వేసేది ఏం రంగు?

పుష్ప

తిరుత్తణి,
24-7-1979

పుష్పకు,

నీ బిడ్డకు నేను విషం పెట్టినానా? ఈ ఊరి పిల్లలంతా తింటా ఉన్నారు, ఎవరు కొరికినారు, ఎవరు బావి గట్టెక్కినారు? ఆడికృత్తిక పండగ ముందర ఇట్లాంటి మాట బయటికొస్తే నా అంగడి ఏమయ్యేది? పెంచడం చేతగాక నా మీద వేస్తా ఉన్నావు. ఇంక నాకు జాబు రాయొద్దు.

చెంగల్వరాయుడు

తిరుత్తణి,
2-9-1979

ప్రియమైన నా చెల్లెలికి,

రాయొద్దంటే నువ్వు నిజంగానే రాయలేదు. మంచి పని చేసినావు. ఇప్పుడు నేను రాస్తా ఉన్నాను.

నీ జాబు పొయ్యిలో వేసినాను గానీ, నువ్వు అడిగిన మాట పోలేదు. పండగయినాక రంగు పొట్లం తీసుకుని, అది అమ్మే సుందరరాజులు తానికి పోయినాను. "ఇది యాడిది?" అన్నాను. వాడు మామూలుగా, "నూలుకేసేదే గదన్నా, లుంగీలు నేసేవాళ్ళు తీసుకునేది" అన్నాడు. "నేను మిఠాయిలో వేస్తా ఉన్నానురా" అంటే వాడి మొహం తెల్లబడింది. "నువ్వు మగ్గం పెట్టినావనుకున్నా" అన్నాడు. నాలుగేండ్లుగా నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

పొట్లాలన్నీ గుంత తీసి పూడ్చినాను. ఇప్పుడు బెల్లం మిఠాయి ఒక్కటే చేస్తా ఉన్నాను.

ఇంటికొస్తే మీ వదిన ఒకే మాట అడిగింది. "హాస్టల్లో మన వళ్ళికి మిఠాయి ఎవరిస్తారు?" ఎవరూ ఇయ్యరు పుష్పా. సెలవులకొస్తే అంగట్లో విరిగిన ముక్కలన్నీ అదే తింటుంది.

నీకొకటి రాయలేదు. భయం చెప్పినానంటినే, ఆ దినం గరిటె కాల్చి దాని కాలికి వాత పెట్టినాను. నా చేత్తోనే.

పోయిన ఆదివారం అరక్కోణం పోయినాను. దాన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, "తప్పు నీది కాదమ్మా, నేను చేసిన తిండిదేమో" అన్నాను. "అయితే నేను చెడ్డపిల్లను కాదా నాయనా?" అనింది.

"కాదమ్మా" అన్నాను. అది నమ్మలేదు. దాన్ని ఇంటికి పిలుచుకొస్తా ఉంటే రైల్లో మూడుసార్లు మళ్ళీ అడిగింది.

నీకు మొహం చూపించలేని అన్న,
చెంగల్వరాయుడు