దుబాయి చెప్పులు

3 మే 1996, సాయంత్రం

మా అన్న లింగమూర్తి మా ఊరి దొర దగ్గర పని ఒప్పుకున్నాడు.

గోపాల్‌రావు దొర. అడవిలో ఉన్నవాళ్ల భయానికి మా ఊళ్లో గడికి తాళం వేసి, కరీంనగర్ శివార్లో బంగళా కట్టుకున్నాడు. ఇప్పుడు ఆ ఇంటి పెరట్లో టెన్నిస్ కోర్ట్ కావాలట. మామూలు గడ్డి కాదు, ప్లాస్టిక్ గడ్డి. దుబాయిలో షేకుల విల్లాల వెనక అన్న ఇన్నేళ్లూ చేసిన పని అదే. గడ్డి రోల్స్ బొంబాయి నుంచి లారీలో వచ్చాయి.

గీ ఒక్కటి మంచిగ కుదిరితే డాక్టర్ సాబ్ సుత అడుగుతుండు, గ్రానైట్ సేటు అడుగుతుండు, ఇగ నేను దుబాయి పోనే పోను అని వదినకు చెప్పాడు. బాలలక్ష్మి వదినకు ఏడో నెల. పెద్దపిల్ల ఇప్పటికీ అన్నను కొత్తమనిషిని చూసినట్టు చూస్తుంది.

ఇక్కడ నీళ్లు లేక చెట్లు ఎండుతుంటే దొరకు ఎండని గడ్డి గావాల్నా అన్నాను. అన్న నవ్వాడు. నువ్వు సుత రా తమ్మీ, కూలి ఇప్పిస్త అన్నాడు.

పోతాను. కూలికి కాదు. చూడడానికి. భూస్వామి ఉత్తగా ఆడుకోవడానికి ఇంత ఖర్చు పెట్టడు. అన్న దుబాయి నుంచి తెచ్చిన చెప్పులే వేసుకుని పోతాను. తనకొక జత, నాకొక జత, రెండూ ఒకటే రకం. అడుగున చంద్రవంక అచ్చు.

5 మే

పెరడు చూశాను. చుట్టూ కందకంలా తవ్వారు. నాలుగు మూలలా లైటు స్తంభాలు. వెనక గోడకు ఇసుక బస్తాలు, అచ్చం ఠాణా ముందు పేర్చినట్టే.

అన్నను నిలదీశాను. కందకం వాననీళ్లు పోవడానికట. లైట్లు దొర మనుమడు పొద్దుగూకినాక ఆడుకోవడానికట. ఇసుక గడ్డిపోచల నడుమ చల్లడానికట, లేకుంటే పోచ నిలబడదట.

దేనికైనా జవాబు తయారుగా ఉంది. అదే నాకు నచ్చలేదు.

6 మే

ఎవరూ చూడకుండా ఒక బస్తా చింపాను. ఇసుకే.

9 మే

దొర వరండాలో పేము కుర్చీలో కూచుని మా పని చూస్తాడు. ఇవాళ నన్ను పిలిచాడు. ముత్తయ్య చిన్నకొడుకువా, ఏందో చదువుతున్నవట, ఏం చదువుతున్నవ్‌రా అని అడిగాడు. నేను కాలేజీ మెట్లెక్కలేదు. అడవిలోనివాళ్ల కరపత్రాలు చదివి నేర్చుకున్నదే నా చదువు. చెబితే మీకు పడదు అన్నాను. దొరకు కోపం రాలేదు. మీ బాపు మంచోడు, గడి ముంగట నడిస్తే చెప్పులు చంకల పెట్టుకొని నడుస్తుండె అన్నాడు. మెచ్చుకుంటున్నట్టే అన్నాడు.

నేను చూశాను. చిన్నప్పుడు బాపు వెనకే నడిచాను. గడి గోడ ఉన్నంతసేపూ చెప్పులు చంకలో. గోడ దాటాకే కాళ్లకు.

తర్వాత అన్న దొర పక్కన నిలబడి మెల్లగా ఏదో చెబుతున్నాడు. నన్ను చూసి ఆపాడు. ఏం చెప్పినవ్ అంటే, నీ నోటికి మాఫీ అడిగిన అన్నాడు.

అంతేనా?

12 మే, మధ్యాహ్నం

గేటు ఎదుటి టీ కొట్టులో కూచుని రాస్తున్నాను.

ఇవాళ చివరి జాయింట్. రెండు రోల్స్ కలిసేచోట కింద టేప్ వేసి నల్ల గ్లూ పూశారు. అది కొంచెం బిగిశాక గడ్డి అంచులు అద్దాలి. నేను లోపలికి వస్తుంటే అన్న ఆపాడు. చెప్పులిడిచి రా తమ్మీ, దుమ్ము పడితే గ్లూ పట్టది, దుబాయిల షేకు సుత ఇడుస్తడు అన్నాడు. దొర వింటున్నాడు. కుర్చీలోంచే అన్నాడు, ఇడువురా, మీ బాపుకు లేని సిగ్గు నీకేంది అని.

అన్న తల వంచుకుని గ్లూ పూస్తున్నాడు. నేను చెప్పులతోనే వెనక్కి తిరిగి బయటికి వచ్చాను.

గ్లూ అట. షేకు అట. మా బాపును ఎట్లా నడిపించాడో నన్నూ అట్లే నడిపించాలి, అది కూడా మా అన్న నోటితో. ఇద్దరూ ముందే అనుకున్నారు. మొన్నటి గుసగుస ఇదే.

12 మే, సాయంత్రం

నడిచాను.

అందరూ అన్నాలకు లేచారు. దొర కూలర్ పెట్టుకుని నిద్రపోయాడు. అన్న వంటింటి వెనక దొర జీతగాడు నాగయ్యతో కలిసి తింటున్నాడు. ఇద్దరి మాటలూ వినబడుతున్నాయి. పెరట్లో ఎవరూ లేరు. చెప్పులతో కోర్ట్ మధ్యలోంచి, తడి గ్లూ మీదుగా నడిచాను. చెప్పును పట్టి లాగింది. ఆగలేదు. వరండా మెట్లెక్కి దొర కుర్చీ ముందు నిలబడ్డాను. తెల్ల బండల మీద నా నల్ల అడుగులు. బాపు ఒక్కసారైనా రానిచోటు.

వెనక్కి వచ్చి మా ఊరి దారిన పోయే సుల్తానాబాద్ బస్సెక్కాను. కడుపు చల్లగా ఉంది.

13 మే

అన్న ఇంటికి రాలేదు. వదిన గడపలోనే కూచుంది.

మధ్యాహ్నం నాగయ్య వచ్చాడు. మా ఊరివాడే. దొర నిద్ర లేచి అడుగులు చూసి మెట్ల మీదనే కూలబడ్డాడట. వచ్చి పోయిండ్రు, నా కుర్చీ దాక వచ్చి పోయిండ్రు అని ఒకటే మాటట. అడవిలోనివాళ్లు పెట్టిన హెచ్చరిక అనుకున్నాడు. నిన్ననే కారెక్కి హైదరాబాద్ పోయాడట. పోలీసులు ఏదీ ముట్టవద్దన్నారట. గ్లూ రాయిలా గట్టిపడిందట. గడ్డి అంచులు ఎండకు లేచాయట.

ముందు నవ్వు వచ్చింది.

తర్వాత నాగయ్య గొంతు తగ్గించి చెప్పాడు. మీ లింగమూర్తిని పట్టుకపోయిండ్రు బిడ్డా, అడుగులల్ల చంద్రుని గుర్తున్నది, వాని చెప్పులకు సుత గదే ఉన్నది అన్నాడు.

14 మే

వదినతో ఠాణా దాకా పోయాను. ఆమె లోపలికి పోయింది. నేను రోడ్డవతలే ఉన్నాను.

అడుగులు నావే, తొందర్ల నడిచిన అని అన్న ఒప్పుకున్నాడట. ఎస్సై నమ్మలేదు. ఆ టైముకు లింగమూర్తి నా పక్కన తింటుండె అని, మేలు చేద్దామని, నాగయ్య చెప్పాడు. దానితో కేసు ఇంకా బిగిసింది. ఎవన్నో లోపటికి ఇడిచినవ్, వాన్ని దాస్తున్నవ్, పేరు చెప్పు అంటున్నారట. పాస్‌పోర్ట్ తీసుకున్నారు.

కొట్టిండ్రా అని అడిగాను. వదిన నా కాళ్ల వైపు చూసింది.

అన్న అడుగు చూడగానే ఎవరిదో పట్టి ఉంటాడు. అయినా చెప్పలేదు.

15 మే

కరపత్రాలన్నీ పొయ్యిలో పెట్టాను. నన్ను కన్న అవ్వ ఆ మంట మీదే స్నానానికి నీళ్లు కాచింది.

నేను ఠాణాకు పోయి ఒప్పుకుంటే ఇల్లు వెతుకుతారు. అవి దొరికితే అన్న బయటికి రాడు. అందుకే కాల్చాను. అందుకేనా? భయానికి కాదా? ఇంతకాలం అన్నను నమ్మలేదు. ఇవాళ నా మాట నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

చెప్పుల అడుగున గ్లూ ఇంకా ఉంది. కిరోసిన్ గుడ్డ తెచ్చి తుడవబోయి ఆగాను. అన్నను విడిపించే రుజువు అదొక్కటే.

వదినకు చెప్పాను. పోవద్దు అనలేదు. నా పిల్లలకు తండ్రి గావాలె అన్నది. లేచి నాకు అన్నం పెట్టింది.

16 మే

చెప్పులు చంకలో పెట్టుకున్నాను. వేసుకుంటే మట్టి అంటి గ్లూ కనబడదు. అందుకే. ఇంకేం లేదు.

రోడ్డు అప్పుడే కాలుతోంది.