జడచుట్టులో సిగ్నల్

ఏప్రిల్ 6

స్వర్ణక్క తుంటిలో రాడ్ వేసి నెలైంది. గట్ల మీద నడవడం ఇక మర్చిపొమ్మన్నాడు డాక్టర్. చేనేమో ఇంటికి కిలోమీటరున్నర. కూలీల్ని పెట్టి పని చేయించుకోగలదు గానీ, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు పోయి మోటారు వేసేదెవరు? పోయిన మా బావకి అన్న, దేవదానం గారు, చేను కౌలుకి ఇచ్చేయమంటున్నారు. బావ పోయాక తొమ్మిదేళ్లు ఆ ఎకరన్నర చెరుకూ అక్కే చేసుకొచ్చింది. ఇచ్చేస్తే మనిషి మంచంలోనే ఉండిపోతుంది.

ఒరే తమ్ముడా, చోడవరంలో షాపు పెట్టి ఊరందరి మోటార్లూ బాగుసేస్తన్నావు, నా మోటారు ఇంటికాడ నుంచి ఏసేలా సెయ్యలేవేటి అని అడిగింది. చేస్తానన్నాను. ఎలాగో తెలీదు.

ఏప్రిల్ 9

ఫోన్‌తో వేసే స్టార్టర్ కుదరదు. అక్క చేను దగ్గర టవర్ అందదు, చీడికాడ కొండ అడ్డం. వైఫై బ్యాటరీని తాగేస్తుంది, చేలో కరెంటు రోజంతా ఉండదు. మిగిలినవి రెండు రకాల రేడియోలు. జిగ్‌బీ అయితే ఒక డబ్బా పక్క డబ్బాకి అందిస్తూ పోతుంది, చకచకా. లోరా నెమ్మది, కానీ ఒక్క గెంతులో దూరం పోతుంది.

విశాఖలో ఉన్న ఉమామహేష్ లోరాయే అన్నాడు. చేను చూడకుండా సలహాలు! డిప్లొమా చదివేటప్పుడూ వాడంతే.

జిగ్‌బీ.

ఏప్రిల్ 21

దారి పొడవునా, చెరుకు చేలల్లో పది వెదురు కర్రలు, పది డబ్బాలు. అక్క మంచం మీంచి బటన్ నొక్కింది. మోటారు తిరిగింది! అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు.

అప్పటికి చెరుకు మోకాలెత్తు కూడా లేదు. కూలీల మేస్త్రి అచ్చియ్యమ్మ ఆ కర్రల వైపు చూసి, ఏటి బాబూ, సెరుకు లెగిసినాక ఇయ్యి ఎక్కడ కనపడతాయి అంది. కనపడక్కర్లేదమ్మా, ఇది రేడియో అని నవ్వాను.

జూలై 19

రెండు మూడుసార్లు నొక్కితే గానీ తిరగడం లేదట. బ్యాటరీలు మార్చాను.

ఆగస్టు 23

మూడు రోజులుగా మోటారు తిరగడం లేదు. వానా లేదు. ఆకు ముడుచుకుపోతోంది. దేవదానం గారు కౌలు చేసే మనిషిని వెంటబెట్టుకుని వచ్చారట. అక్క ఆదివారం దాకా గడువడిగింది.

ఆగస్టు 24

చేలల్లోకి దూరాను. మనిషిని మించిన చెరుకు. ఒక్క డబ్బా కనపడలేదు. ఎవరో ఎత్తుకుపోయారనుకుని గట్టు మీద నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను.

అచ్చియ్యమ్మ వచ్చి, ఊరికే అరవకు బాబూ, అన్నీ ఉన్నాయి అని తీసుకెళ్లి చూపించింది. జడచుట్టు! గెడలు గాలికి పడిపోకుండా ఆకులు మెలేసి కలిపి కడతారు కదా, ఆ జడలోనే నా కర్రల్నీ కలిపి కట్టేశారు. తడవకుండా డబ్బా మీద ఇంకో నాలుగు ఆకులు. సొర్నమ్మ సామాను గదా బాబూ, పడిపోద్దని గట్టిగా కట్టేం అంది.

విప్పి చూశాను. అయినా అందలేదు. చెరుకాకు నిండా నీళ్లే, జిగ్‌బీ సిగ్నల్ నీళ్లని దాటలేదు. కట్టకపోయినా ఆగిపోయేదే. ఏప్రిల్లో ఆవిడ అడిగింది అదే, నేను పళ్లికిలించాను. తప్పయిపోయిందమ్మా అన్నాను. దేనికి బాబూ అంది. నిజంగానే ఆవిడకి తెలీదు.

ఉమామహేష్‌కి ఫోన్ చేశాను. లోరా సామాను పట్టుకుని సాయంత్రం బస్సుకే బయల్దేరాడు.

ఆగస్టు 25, ఆదివారం

రెండే డబ్బాలు. ఒకటి అక్క మేడ మీద. ఇంకోటి మోటారు షెడ్డు పక్కన ఇరవై అడుగుల పైపుకి, చెరుకు కంటే పైన. అచ్చియ్యమ్మ మనుషులే పైపు లేపి, నాలుగువైపులా తాళ్లు బిగించారు. కట్టడం వాళ్లకి చెప్పాలా!

బటన్ నొక్కాక నాలుగు సెకన్లు పట్టింది. ఆ నాలుగు సెకన్లూ ప్రార్థన చేశాను. మోటారు తిరుగుతోందని జవాబొచ్చింది.

చర్చి నుంచి నేరుగా వచ్చిన దేవదానం గారికి అక్క కాఫీ ఇప్పించి, సేను ఇవ్వను బావగారూ అంది. ఆయన కాఫీ మొత్తం తాగి, సరేనమ్మా అన్నారు.

ఉమామహేష్‌ని బస్సెక్కించి వచ్చేశాను. వాడికి గానీ, అచ్చియ్యమ్మకి గానీ, ఎండలో పైపు పట్టుకున్న ఆ ఆడవాళ్లకి గానీ థాంక్స్ సరిగ్గా చెప్పలేదు. ప్రభువా, వీళ్లందర్నీ చల్లగా చూడు.

సెప్టెంబరు 4

నిన్నంతా వాన. మోటారు వేసే పనే లేదు. ఇంటి డబ్బా నా ఫోన్‌కి పంపే లాగ్‌లో చూస్తే ముప్పై ఆరు నొక్కులు. అన్నీ, చేను దగ్గర డబ్బా లైన్లో ఉందో లేదో అడిగే బటనే. ఏదో పాడైందని కంగారుగా ఫోన్ చేశాను. ఏటీ లేదురా, నొక్కితే సేను పలుకుతంది అంది అక్క.

అలా నొక్కితే బ్యాటరీ అయిపోతుందని చెప్పబోయి ఊరుకున్నాను. అయిపోతే మారుస్తాను.