ఎసరు చప్పుడు

12 మార్చి 2012
మా చిప్ చచ్చిపోయింది. దాన్ని చేసే కంపెనీ మెయిల్ పెట్టింది. ఇక తయారు చెయ్యరట, కావాలంటే ఇప్పుడే ఆఖరి ఆర్డర్ పెట్టుకోవాలట. అదీ లక్షల్లో. మేడ్చల్‌లో రేకుల షెడ్డులో చెవి మిషన్లు చేసుకునే మాకు అంత సరుకెందుకు? ఓనర్ జానకిరామయ్య గారు తల పట్టుకున్నారు. నాకు మాత్రం లోలోపల సంబరమే. ఆ చిప్‌తో పొద్దస్తమానం 'సుయ్'మని ఒకటే హిస్. దాని పీడ వదిలింది. వేరే చిప్‌తో కొత్త సర్క్యూట్ నేనే గీస్తాను.

30 ఏప్రిల్
బోర్డు పనిచేసింది! స్కోప్ తెర మీద నాయిస్ లేదు, స్కేలు పెట్టి గీసినట్టు గీత. సార్ అందరికీ మిఠాయి తెప్పించారు. మొదటి బోర్డు అడిగి ఇంటికి తెచ్చుకున్నాను, మా బాపు కోసం. రాళ్ల క్రషర్‌లో చెవులు పోగొట్టుకున్న మనిషి, ఆ మాత్రం హక్కుంది. ఆయన జేబు మిషన్‌లో పాత బోర్డు పీకేసి కొత్తది వేశాను. పాతది స్క్రాప్‌లో పడేశాను.

9 మే
బాపు తూంకుంట చౌరస్తాకు చాయ్‌కి పోవడం మానేశాడు. మిషన్ ఖరాబైందంటాడు. కొత్త పెన్సిల్ సెల్ వేసి చెక్ చేశాను. బంగారంలా ఉంది. చాదస్తం.

10 మే
చాదస్తం కాదు. నేను మాట్లాడితే ఆయనకు బాగానే వినిపిస్తుంది. మాట ఆపగానే మిషన్ ఆగిపోయిందనుకుంటాడు. జేబులోంచి తీసి తట్టి చూస్తాడు, వాల్యూమ్ పెంచుతాడు, అది కీచుమంటుంది. కొత్త చిప్‌కు హిస్ ఉండదు, అదే దాని గొప్ప అని పెద్ద పాఠం చెప్పాను. అంతా విన్నాడు.

"పాత దాంట్ల ఎప్పుడు సుయ్యిమంటుండె బిడ్డా. మీ అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టినట్టుండె. గిప్పుడు ఇంట్ల ఎవ్వరు లేనట్టుంది."

అమ్మ పోయి ఆరేళ్లు. ఆ మాట ఒక్కనాడూ నాతో అనలేదు. నేనూ ఒక డిజైన్ ఇంజనీర్ని, నా మొహం. ఇల్లు పీకి పందిరేశాను.

11 మే
స్క్రాప్ అమ్మేశారట.

2 జూన్
సిటీలో ఒక షాపులో పాత చిప్‌లు దొరికాయి. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆఫీసుకొచ్చి ఎసిటోన్‌తో తుడిస్తే పైనున్న నంబర్ చెరిగిపోయింది, కింద ఇంకేదో నంబర్. దొంగ సరుకు. బస్సులో ఏడుస్తూ వచ్చాను. పక్కావిడ ఎవరైనా పోయారా అని అడిగింది.

15 జూన్
బాపు మిషన్ బీరువాలో పెట్టేశాడు. అన్నం తినమనాలన్నా చేత్తో సైగ చేయాల్సి వస్తోంది.

18 ఆగస్టు
కొత్త మోడల్‌కు ఆర్డర్ల మీద ఆర్డర్లు. రేపు చూద్దాం, రేపు చూద్దాం అంటూ ఇన్నాళ్లు నెట్టుకొచ్చాను. ఇవాళ మొదలుపెట్టాను. చిప్ దొరక్కపోతే పోనీ, హిస్ నేనే పుట్టిస్తాను. ఇన్‌పుట్‌లో పెద్ద రెసిస్టర్ పెడితే నాయిస్ దానంతటదే వస్తుంది. నాయిస్ తీసెయ్యమని జీతమిస్తుంటే తెచ్చి పెడతావేంటమ్మా అని సార్ నవ్వారు. ఎవరికోసమో చెప్పాను. మళ్లీ నవ్వలేదు.

2 సెప్టెంబర్
రెండు రోజులుగా బాపు తలుపు చప్పుడుకు కూడా తిరగడం లేదని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. చెవి నరం పూర్తిగా పోయిందట. ఇక ఏ మిషనూ పనికిరాదట. ఎప్పటికైనా పోయేదేనట, ఎవరి తప్పూ లేదట. వేసవిలో మాత్రం ఇంకొంచెం వినికిడి మిగిలి ఉండేదన్నాడు.

ఆ మిగిలినదంతా బీరువాలో పోయింది. నావల్లే. డాక్టర్ ఎన్ని చెప్పినా ఈ దుఃఖం తీరదు.

9 సెప్టెంబర్
అయినా బోర్డు పూర్తి చేశాను. మిషన్ బాపు జేబులో పెట్టి, చెవిలో వైరు బిళ్ల పెట్టాను. నా మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు.

"కాగుతాంది బిడ్డా, ఎసరు కాగుతాంది."

పెన్సిల్ సెల్ ఇంకా నా పిడికిట్లోనే ఉంది.