కూర్చోవడానికి చోటు

నాన్నా,

ఈ ఉదయం చూశాను, సైకిల్ షాపు మెట్ల మీద ఎవరూ కూర్చోకుండా ఇనుప గ్రిల్ బిగించారు. నువ్వున్నన్నాళ్లూ రీడింగ్ రూముకు వెళ్తూ ఆయాసం తగ్గేదాకా కూర్చున్న మెట్లే అవి.

మధ్యాహ్నం వార్డు మీటింగ్‌కు వెళ్లాను. ఇరవై ఏళ్ల తర్వాత చిలకలగూడ ఎలా ఉండాలో కార్పొరేషన్ వాళ్లు ప్లాన్ వేస్తున్నారట, వచ్చిన ఆఫీసరు మనల్ని చెప్పమన్నాడు. ఎదురింటి యాదమ్మ అత్త ముందుగా మైకు అందుకుంది.

"ఇరవై ఏండ్ల ముచ్చట తర్వాత సార్. మా గల్లీల మోరీ పొంగి ఇంట్లకొస్తుంది, జెర అది చూడుండ్రి."

ఇక అందరూ మురుగు కాలువల గురించే మాట్లాడారు. ఆఫీసరు తల పట్టుకున్నాడు.

అప్పుడు నేను చెయ్యెత్తాను. అవును, నేనే.

"స్టేషన్ నుంచి రీడింగ్ రూము దాకా ఫుట్‌పాత్ మీద చెట్లు, బెంచీలు కావాలి. ఇరవై ఏళ్లకు ఇక్కడున్న వాళ్లలో సగం మంది మధ్యలో కూర్చోకుండా అంత దూరం నడవలేరు" అన్నాను.

"ఏందే పోరీ, నన్ను ఇప్పుడే ముసల్దాన్ని చేస్తున్నవా?" అంది అత్త. అందరూ నవ్వారు. తర్వాత ఆమే ఆఫీసరు వైపు తిరిగి, "గది సుత రాసుకోండ్రి సార్" అంది.

ఆయన గోడమీది మ్యాపులో ఆ దారి పొడవునా ఆకుపచ్చ గీత గీశాడు. ప్లాన్ ముసాయిదా బయటపెట్టిన రోజు ఆ గీత ఉందో లేదో ఎక్కడున్నా వచ్చి చూస్తాను. లేకపోతే మళ్లీ చెయ్యెత్తుతాను.

వచ్చే నెల అమ్మా నేనూ ఇల్లు ఖాళీ చేసి బోయిన్‌పల్లి వెళ్లిపోతున్నాం.