తలుపు అవతల దగ్గు

అక్కా,

నువ్వు ఈ కాలేజీలో చదివినప్పుడు కూడా అందరూ ఇలాగే దగ్గేవాళ్లా? నిజం చెప్పు.

పరీక్షకు కాపలా ఉండదనీ, ప్రశ్నపత్రం హాస్టల్ గదికి తెచ్చుకుని పుస్తకం ముట్టకుండా రాసి, చివర "ఎవరి సాయమూ తీసుకోలేదు, ఒట్టు" అని సంతకం పెట్టాలనీ నువ్వు గొప్పగా చెప్పావు. పక్కవాళ్లు కాపీ కొడుతుంటే చూసి కూడా చెప్పనివాళ్లను సైతం వెళ్లగొడతారని మాత్రం చెప్పలేదు.

పోయిన వారం నా గదిలో ఉండే లోర్నా కెమిస్ట్రీ పరీక్ష రాస్తుండగా నేను తలుపు తీశాను. చటుక్కున ఏదో దుప్పటి కిందికి తోసింది. పుస్తకమో, బిస్కెట్ల పొట్లమో! నేను చూడలేదు. చూస్తే వెళ్లి చెప్పాలి మరి.

అప్పటినుంచి అది పరీక్ష రాస్తుంటే నేను బయటే గట్టిగా దగ్గి, బూట్ల తాళ్లు విప్పి మళ్లీ కట్టుకుని గానీ లోపలికి వెళ్లడం లేదు.

"ఏంటే ఆ దగ్గు? మందేమైనా తాగి చావొచ్చుగా!" అంటూ నవ్వుతుంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అసలు సంగతి నిన్న జరిగింది. నేను చరిత్ర పరీక్ష రాస్తున్నాను. పుస్తకాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాను. బల్ల మీద కాగితాలూ కలమూ తప్ప ఏమీ లేవు. అప్పుడు తలుపు అవతల లోర్నా దగ్గింది. కాసేపు ఆగి, ఇంకాస్త గట్టిగా మళ్లీ దగ్గింది.

దానికి జలుబేమీ లేదక్కా.

నీ చెల్లి