పవిత్ర మనుషులు

మార్చి 3, 2024. ఆదివారం

కంపెనీ నన్ను తీసేసి రెండు నెలలు. కర్నూలును ఆనుకున్న కల్లూరులో అద్దెగది, ల్యాప్‌టాప్, నేను.

ఈరోజు ప్రకాశం సార్ వచ్చాడు. రిటైర్డ్ డ్రిల్లు మాస్టరు, చర్చిలో పెద్ద. తలసీమియా పిల్లలకు రక్తం ఇచ్చేవాళ్లను పోగేస్తుంటాడు. అంతా ఆయన తలలోనే ఉంటుంది. మతిమరుపు వస్తాండాదప్పా, ఒక యాప్ చేసిపెట్టు అన్నాడు. కాదనలేను. ఎర్రగుంట్లలో ఉండే మా అక్క కూతురు పవిత్ర కూడా ఆ పిల్లల్లో ఒకతె. తొమ్మిదేళ్లు. దాని ఒంట్లో రక్తం నిలవదు. మూడు వారాలకోసారి కర్నూలుకు తెచ్చి ఎవరిదో ఒకరిది ఎక్కించాలి. ఇచ్చినవాళ్లు మళ్లీ మూడు నెలలు ఆగాలి. పైగా బి నెగెటివ్, దొరకడమే అరుదు.

మార్చి 5

యాప్ వెనకుండే డేటా మోడల్స్ మొదలుపెట్టాను. రెండే టేబుళ్లు: పిల్లలు, దాతలు. దాత టేబుల్లో ఫారిన్‌కీ పెట్టి పిల్లకు కట్టేశాను. ఒక దాతకు ఒకే పిల్ల. సార్ పద్ధతీ అదే, ఫలానావాళ్లు ఫలానా పిల్ల మనుషులు. ఆటో నడిపే వీరభద్ర పవిత్ర మనిషి. అక్కా పవిత్రా వచ్చినప్పుడల్లా ఆస్పత్రికి తనే దింపుతాడు. అక్క ఆయన్ని అన్నా అంటుంది.

మార్చి 8

సార్ వెంట బనగానపల్లె నుంచి వరమ్మ అనే ముసలామె వచ్చింది. మనవరాలు ఆరాధనదీ బి నెగెటివే. ఆ పిల్లకు ఉన్న ఒక్క దాతా బెంగళూరు వెళ్లిపోయాడు. పవిత్రకు నలుగురున్నారని సార్ నోరుజారాడు. ఒగ పాపకే అంతమందా, మాకు యాడ దొరుకుతారు నాయనా అని నన్ను అడిగింది.

మార్చి 9

ఫారిన్‌కీ తీసేశాను. మెనీ టు మెనీ. ఒక దాత ఎంతమంది పిల్లలకైనా, ఒక పిల్లకు ఎంతమంది దాతలైనా. నేను మార్చింది ఒక్క లైను. రెంటినీ కలిపే మధ్య టేబుల్‌ను సాఫ్ట్‌వేరే పుట్టించుకుంది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

మార్చి 14

ఉత్త మెనీ టు మెనీ చాలదు. ఎవరు ఎవరికిచ్చారో చెబుతుంది, ఎప్పుడిచ్చారో చెప్పదు. తేదీ దాతదీ కాదు, పిల్లదీ కాదు. ఇద్దరి మధ్యది. త్రూ అనే మాట పెట్టి, తేదీతో సహా మధ్య టేబుల్ నేనే రాశాను. ఉన్నదానికి త్రూ తగిలించనివ్వదు, టేబుల్ మార్చబోతే మైగ్రేషన్ ఎర్రర్. డేటా పక్కకు తీసి, ఫీల్డు కొట్టేసి, మళ్లీ పుట్టించాను. రోజంతా దానికే పోయింది.

మార్చి 30

ఇద్దరు పిల్లలకు ఒకేసారి కావాల్సొస్తే ఎట్లప్పా అన్నాడు సార్. హిమోగ్లోబిన్ తక్కువున్న పిల్ల ముందు అన్నాను. న్యాయమే అన్నాడు. ఆర్డర్ బై హిమోగ్లోబిన్ అని వరస పెట్టేశాను.

ఏప్రిల్ 10

యాప్ నడుస్తోంది. ఆరాధన హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోయింది. మెసేజ్ వీరభద్రకు వెళ్లింది. ఆటో పక్కన పెట్టి పోయి ఇచ్చాడట. వరమ్మ ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చింది.

ఏప్రిల్ 29

పవిత్ర వంతు. ఇప్పుడు ఇవ్వగల దాతలెవరని యాప్‌ను అడిగాను. క్వెరీ ఖాళీ.

ఫిల్టరు తప్పనుకుని మళ్లీ రాశాను. తప్పేమీ లేదు. నలుగురిలో వీరభద్ర, ఇంకొకాయన వేరే పిల్లలకు ఇచ్చేశారు. ఒకరికి కామెర్లు. ఒకరు పోయినసారి పవిత్రకే ఇచ్చారు.

అక్క ఫోన్ చేసింది. అన్న వేరే పాపకిచ్చినాడంట, నువ్వే పంపినావంట అంది. దాని మనుషుల్ని అందరికీ పంచిపెట్టినావు గదరా అంది. ఆ పిల్లకు ఆరే ఉందక్కా అన్నాను. ఆ పాప నీకేమయితాదిరా అని పెట్టేసింది.

మే 3

ఆస్పత్రిలో నెగెటివ్ నిల్వ లేదు. ఎండలు, ఎలక్షన్లు, క్యాంపులు ఎవరూ పెట్టడం లేదు. అక్కదీ బావదీ గ్రూపులు వేరు. సార్ అనంతపురం, తిరుపతి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. వీరభద్ర వచ్చి, నాది మళ్లా తీసుకోమని చెప్పప్పా, నాకేం గాదు అన్నాడు. ఇద్దరం బ్లడ్ బ్యాంకుకు వెళ్లాం. కుదరదన్నారు.

మే 6

పవిత్రను చేర్చారు. జ్వరం. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. మామా, నీ యాప్‌లో నా ఫోటో ఉండాదా అని అడిగింది. ఉందన్నాను. గదికొచ్చి ఫోటోకు ఒక ఫీల్డు కలిపాను.

మే 8

తిరుపతిలో ఒకాయన దొరికాడు. బస్సెక్కాడు.

మే 9

ఆయన దిగేలోపే పోయింది.

మే 27

యాప్ ఆపొద్దని సార్ బతిమాలాడు. ఆపలేదు.

అక్క ఫోన్. దాని వంతు వచ్చిందని ఇంకా మెసేజీలు వస్తాండాయి, దాని పేరు తీసెయ్ అంది. అంతే, వేరే మాట లేదు. డిలీట్ నొక్కాను. దీంతోపాటు ఇవీ పోతాయని యాప్ వరసగా చూపించింది: ఎవరెవరు ఏ రోజు పవిత్రకు రక్తమిచ్చారో, అన్నీ. ఒకటి తీస్తే దానికి కట్టినవన్నీ పోయే ఆ క్యాస్కేడ్ రాసింది నేనే. అవి పోతే ఇచ్చినవాళ్లు ఇవ్వనట్టే లెక్క, గడువు నిండకుండానే వాళ్లకు మెసేజ్ పోతుంది. క్యాన్సిల్ నొక్కడానికి ఆ ఒక్క కారణం చాలు. కానీ అదొక్కటే కారణం కాదు.

క్యాస్కేడ్ బదులు ప్రొటెక్ట్ పెట్టాను. ఆ వరసలున్నంతవరకు ఇక దాన్ని నేను కూడా తీయలేను. అక్క నంబరుకు మెసేజీలు మాత్రం ఆపాను.

తీసేసినావా అని మళ్లీ అడిగింది. ఊఁ అన్నాను.

జూన్ 2

ఆరాధనకు కావాలి. క్వెరీ ఖాళీ. సార్‌కు చెబితే మళ్లీ అనంతపురం, తిరుపతి ఫోన్లు మొదలుపెట్టాడు.

జూన్ 11. మధ్యాహ్నం

పవిత్ర నాన్న, చౌడప్ప బావ, ఎర్రగుంట్ల నుంచి వచ్చాడు. సిమెంటు లారీ దిగి అలాగే బస్సెక్కినట్టున్నాడు, ఒళ్లంతా దుమ్ము. ఎప్పుడూ యాప్ గురించి అడగని మనిషి. నాది ఓ పాజిటివ్, ఏ పాపకైనా సరే, నా పేరు ఎక్కించప్పా అన్నాడు. బ్లడ్ బ్యాంకులో వేలు గుచ్చి చూశారు. రక్తం పలచన, తలసీమియా పిల్లల అమ్మానాన్నలకు ఇట్లాగే ఉంటుంది, మీది తీసుకోకూడదు అన్నారు.

బస్టాండులో ఉన్నాం. ఫోన్లో రాస్తున్నాను. ఎర్రగుంట్ల బస్సు ఇందాకే పోయింది. ఇంకోటి కదులుతోంది. బావ లేవడం లేదు.